ఉలి మీద ఊరి పేరు

నా దగ్గరున్న పాత పనిముట్లలో మొదటిది ఒక ఉలి. పారేసే సామానులో దొరికింది. ఒళ్లంతా తుప్పు, పిడి నిలువునా పగిలి ఉంది. కొత్త పిడి వేసి వాడుకుందామనుకున్నానే తప్ప అది ఎక్కడిదో తెలుసుకోవాలన్న ఆలోచనే నాకు లేదు. నూనెగుడ్డతో రుద్దుతుంటే మెడ దగ్గర అక్షరాల్లాంటివేవో వేలికి తగిలాయి. గదిలో లైటు ఆర్పేసి, టార్చి పక్కవాటుగా పట్టుకుని చూశాను. పైన ‘కాస్ట్ స్టీల్’, దాని కింద సగం అరిగిన ఒక పేరు, అన్నిటికంటే కింద ‘షెఫీల్డ్’, ఉక్కుకు పేరుపడ్డ ఇంగ్లండ్ ఊరు. ఆ మధ్య పేరు చదవడానికి నాలుగు రాత్రులు కూర్చున్నాను. పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దాను, సుద్దపొడి అద్దాను. మొదటి మూడక్షరాలు, చివరి రెండు తప్ప ఏమీ తేలలేదు. చేసినవాడి పేరు పోయింది, ఊరి పేరు మాత్రం నిన్న కొట్టినట్టుంది.

ఇప్పుడు నా దగ్గర ఉలులు, రంపాలు, చెక్కను నునుపు చేసే చిత్రికలు, బెజ్జాలు వేసే బరమాలు అన్నీ కలిపి వందకు పైనే ఉన్నాయి. ఈ ఇష్టం ఉన్న మిగతావాళ్లతో నాకు ఒక్క విషయంలో పడదు. చాలామంది పెద్ద కంపెనీ పేరు చూసి, ఎంత అరుదుగా దొరుకుతుందో చూసి సేకరిస్తారు. నేను ఊరిని చూసి సేకరిస్తాను. అలా సేకరించడమే సరైనదని నా నమ్మకం. నాలుగైదు ప్రఖ్యాత కంపెనీల సరుకు వెనక అందరూ పరిగెడుతుంటే, ఒక్కో ఊళ్లో పదిమందో ఇరవైమందో కలిసి చేసిన పనిముట్లు ఎవరికీ పట్టక పాత ఇనుములోకి పోతున్నాయి. నాకు బాధ కలిగించేది అదే.

ఆ ఉలి మీదున్న ‘కాస్ట్ స్టీల్’, అంటే పోత ఉక్కు, అన్న మాటతోనే మొదలుపెడతాను. కొత్తగా సేకరించేవాళ్లు దాన్ని చూసి, ఇది అచ్చులో పోసిన ఉలి, నాసిరకం అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజం అందుకు పూర్తిగా వేరు. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల తయారీదారు, తన స్ప్రింగులకు పనికొచ్చే ఉక్కు దొరకక, మట్టి మూసల్లో ఉక్కును పూర్తిగా కరిగించే పద్ధతిని షెఫీల్డ్‌లో కుదిర్చాడు. కరిగితేనే ఉక్కులో కర్బనం అంతటా సమానంగా కలుస్తుంది, మలినం పైకి తేలిపోతుంది. అలా పోసిన దిమ్మను మళ్లీ సుత్తి కింద సాగదీసి పనిముట్లు చేసేవాళ్లు. అంటే ఆ ముద్ర నాసితనానికి కాదు, ఆ కాలంలో దొరికే మేలైన ఉక్కుకు గుర్తు. అది ఖరీదైన ఉక్కు కాబట్టి ఉలి మొత్తం దానితో చేసేవాళ్లు కాదు. మెత్తటి ఇనుము మీద సన్నటి ఉక్కు పొరను కొలిమిలో అతికేవాళ్లు. నా ఉలిని సానరాయి మీద పెట్టినప్పుడు వాలు మీద ఆ అతుకు గీత తేలింది. ఒక పక్క బూడిదరంగు, ఒక పక్క మెరుపు. జపాన్‌లో మికి, సంజో లాంటి ఊళ్ల కమ్మరులు చేసే ఉలుల్లోనూ ఇదే అతుకు కనిపిస్తుంది. పదునుకు గట్టి ఉక్కు, దెబ్బ ఓర్చుకోవడానికీ, సాన సులువుగా పట్టడానికీ మెత్తటి ఇనుము. ఇంత దూరాన ఉన్న రెండుచోట్ల ఒకే జవాబు దొరకడం నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే.

ఇక ఊరి పేరు. దాన్ని అలంకారానికి కొట్టలేదు. ఆ పేరు కోసం మనుషులు చట్టాల దాకా వెళ్లారు. షెఫీల్డ్ చుట్టుపక్కల కత్తులు, కత్తెరలు, కొడవళ్లు చేసేవాళ్ల ముద్రలను అదుపులో పెట్టడానికి 1624లోనే పార్లమెంటు చట్టంతో ఒక సంఘం ఏర్పడింది. తర్వాతి కాలంలో వేరే దేశాల నుంచి వచ్చే సరుకు మీద కూడా షెఫీల్డ్ పేరు కనపడుతోందని అక్కడివాళ్లు గొడవపెట్టారు. 1887లో బ్రిటన్ తెచ్చిన సరుకు ముద్రల చట్టం వెనక ఈ ఫిర్యాదులున్నాయి. ‘మేడ్ ఇన్ జర్మనీ’ అన్న మాట అంతగా వ్యాపించింది ఆ చట్టం తర్వాతే. మరోపక్క జర్మనీలోని జోలింగెన్ కూడా తన పేరును కాపాడుకోవాల్సి వచ్చింది. ఆ ఊళ్లో తయారుకాని కత్తి మీద ఆ ఊరి పేరు వేయకూడదని 1938లో చట్టమే వచ్చింది. ఒక ఊరి పేరును దొంగిలించేంత, దాన్ని చట్టంతో కాపాడుకునేంత విలువ ఎందుకొచ్చింది? ఆ పేరు వెనక నీటి చక్రాలు, కొలిమిలు, సానరాళ్లు, తరతరాల చేతినేర్పు ఉన్నాయని కొనేవాడికి తెలుసు కాబట్టి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఊరి ముద్ర నా దగ్గర లేదు, ఉండే అవకాశమూ లేదు. అమెరికాలో మసాచుసెట్స్‌లోని రెంతమ్ అనే చిన్న ఊళ్లో ఫ్రాన్సిస్ నికల్సన్ అనే ఆయన చెక్క చిత్రికలు చేసేవాడు. ఆ దేశంలో పేరు తెలిసిన మొదటి చిత్రికల తయారీదారు ఆయనే. ఆయన దగ్గర సీజర్ చెలర్ అనే నల్లజాతి మనిషి బానిసగా ఉంటూ ఆ పని నేర్చాడు. 1753లో నికల్సన్ చనిపోతూ వీలునామాలో అతనికి స్వేచ్ఛ ఇచ్చాడు. కొంత భూమి, పనిబల్ల, పనిముట్లు కూడా రాసిచ్చాడు. చెలర్ 1784లో చనిపోయేదాకా అదే పని చేసుకుని బతికాడు. అతను చేసిన చిత్రికల ముందు భాగాన తన పేరు, దాని కింద ‘లివింగ్ ఇన్ రెంతమ్’ అని ఉంటుంది. రెంతమ్‌లో నివాసం. ఆ మాటలు అంతకుముందు నికల్సన్ ముద్రలోనూ ఉన్నాయి, నిజమే. కానీ నిన్నటిదాకా ఇంకొకరి ఆస్తిగా లెక్కలోకెక్కిన మనిషి, ఫలానా ఊళ్లో నేను ఉంటున్నానని చెక్క మీద ముద్ర కొట్టుకోవడం ఎంత పెద్ద మాటో చూడండి. ముద్రలో ఊరు ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి అనేవాళ్లకు నేను చెప్పే మొదటి జవాబు ఇదే.

రెండో జవాబు బిల్‌హుక్‌లది. కంపలు నరకడానికి, కంచెలు అల్లడానికి ఇంగ్లండ్ రైతులు వాడే కొక్కెం ముక్కు కత్తి అది. చూడ్డానికి మామూలు కత్తి. పాత తయారీదారుల క్యాటలాగులు తెరిస్తే మాత్రం పేజీలకు పేజీలు అవే, ఒక్కోదానికి ఒక్కో ప్రాంతం పేరు. కెంట్ రకం, డెవన్ రకం, లెస్టర్ రకం, యార్క్‌షైర్ రకం. యార్క్‌షైర్‌ది పొడుగు పిడితో, రెండు వైపులా అంచుతో ఉంటుంది. ఇంకో ప్రాంతంలో పిడి జానెడే, ముక్కు బాగా వంగి ఉంటుంది. అక్కడ పెరిగే కంప ఏది, కొమ్మ లావెంత, కంచె అల్లే తీరేమిటి, ఒంటి చేత్తో కొడతారా రెండు చేతులతోనా అన్నవన్నీ ఆ వంపులోకి వచ్చి చేరాయి. సోమర్‌సెట్‌లోని మెల్స్ అనే పల్లెలో ఫస్సెల్ కుటుంబం 1744లో మొదలుపెట్టిన ఇనుప కార్ఖానా నూటయాభై ఏళ్ల దాకా ఇలాంటి అంచు పనిముట్లే చేసింది. అంత చిన్న పల్లె! ఏటి నీటితో తిరిగే సుత్తి కింద తయారైన కత్తి చుట్టుపక్కల రైతుల చేతుల్లోకి వెళ్లేది. అది నచ్చకపోతే ఆ రైతు చెప్పే మాట చేసినవాడి చెవిన పడేది. ఒక పనిముట్టు ఆకారం వందల ఏళ్లు అలా నలిగి నలిగి కుదురుకుంటుంది.

దీన్నే పెద్ద కంపెనీ మార్చేసింది. తప్పుపట్టడానికి కాదు, జరిగింది చెప్తున్నాను. ఇనుప చిత్రికల సంగతే తీసుకోండి. లియొనార్డ్ బెయిలీ కనిపెట్టిన అమరికను 1869లో కనెక్టికట్‌లోని స్టాన్లీ కంపెనీ కొనేసింది. అది గొప్ప అమరిక, అందులో సందేహం లేదు. వెనకున్న ఇత్తడి చక్రం వేలితో తిప్పితే బ్లేడు వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. నేనూ రోజూ దాన్నే వాడతాను. కొద్ది దశాబ్దాల్లో ఎన్నో దేశాల వడ్రంగుల చేతుల్లోకి అదే ఆకారం వెళ్లింది. న్యూజెర్సీలోని వైన్‌లాండ్‌లో గేజ్ అనే చిన్న కంపెనీ, బ్లేడును సానకు తీసి మళ్లీ పెడితే దానంతటది పాత చోటే కూర్చునే చిత్రిక ఒకటి చేసేది. స్టాన్లీ ఆ చిన్న కంపెనీని కొనుక్కుంది, కొన్నేళ్లు అమ్మింది, ఆపేసింది. బర్మింగ్‌హామ్‌లో ప్రెస్టన్ అనే సంస్థ ఉండేది. వాళ్ల చిన్న చిత్రికల వంపులు, సన్నటి పూల నగిషీ చూస్తే ఇది పనిముట్టా నగా అనిపిస్తుంది. 1930ల్లో ఆ సంస్థ చేతులు మారింది. చిత్రికల్లో కొన్ని షెఫీల్డ్‌లోని రికార్డ్ వాళ్లకు పోయాయి, నగిషీ మాత్రం పోయినచోటికే పోయింది.

పెద్ద కంపెనీ సరుకు సేకరించడంలో ఒక సుఖముంది. లెక్క ముందే ఉంటుంది. స్టాన్లీ చిత్రికలకు నంబర్లున్నాయి. పోత మీది పేటెంటు తేదీలు, సర్దే మీట ఆకారం, చక్రం ఇత్తడా రబ్బరా అన్నవి చూసి ఏ కాలం నాటిదో చెప్పే పట్టికలు ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఇత్తడి దొరక్క చక్రాలు గట్టి రబ్బరుతో చేశారు, దాంతో ఆ చిత్రికను చూడగానే కాలం తెలిసిపోతుంది. ఇదంతా కష్టపడి పోగుచేసిన జ్ఞానమే, నేను గౌరవిస్తాను. కానీ అక్కడ సేకరణ అంటే పట్టికలో ఖాళీ గళ్లు నింపడం. అరచేతిలో ఇమిడే ఒకటో నంబరు చిత్రిక కోసం ఎంత పోటీ ఉంటుందంటే దానికి నకిలీలు కూడా తయారయ్యాయి. పేరు తెలియని ఊరి ముద్రతో ఉన్న చిత్రికకు పట్టిక లేదు. దాని చరిత్ర మనమే వెతకాలి. పాత క్యాటలాగులు, జనాభా లెక్కలు, ఊరి వ్యాపారుల జాబితాలు తిరగేయాలి. ఒక చిన్న ముద్ర వెనక ఒక వీధి, ఒక కొలిమి, తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత వితంతువైన కోడలు నడిపిన దుకాణం బయటపడినప్పుడు కలిగే తృప్తి గళ్లు నింపితే రాదు.

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. మొదటి ఏడాది నాకొక రంపం దొరికింది. పిడి యాపిల్ చెక్కది, చేతికి ఎంత హాయిగా ఉందో. బ్లేడు మీద నల్లటి మచ్చలున్నాయని గరుకు కాగితం, వైరు బ్రష్షు పెట్టి ఒక సాయంత్రమంతా రుద్ది అద్దంలా చేశాను. తర్వాత తెలిసింది, అలాంటి పాత రంపాల్లో చాలావాటి మీద పేరును ముద్రగా కొట్టరు, ఆసిడ్‌తో పైపైన ఎక్కిస్తారు. దాని లోతు వెంట్రుక మందం కూడా ఉండదు. నల్లటి మచ్చ అనుకుని నేను తోమేసిన దాంట్లోనే ఆ పేరుంది. పిడి మీది ఇత్తడి బిళ్లయినా చెబుతుందేమో అనుకుంటే, దాని మీద గద్ద బొమ్మ, చుట్టూ ‘వారంటెడ్ సుపీరియర్’ అన్న మాటలు ఉన్నాయి. ఆ బిళ్లను ఎంతోమంది తయారీదారులు తమ రంపాలకు వాడారు. ఫిలడెల్ఫియాలో డిస్టన్ లాంటి వాళ్ల రంపమైతే బిళ్ల మీద ‘అండ్ సన్’ ఉందా ‘అండ్ సన్స్’ ఉందా అన్నదాన్ని బట్టే కాలం చెప్పొచ్చు. నా రంపానికి ఆ దారి కూడా లేదు. అది ఏ ఊరిదో ఇక ఎవరికీ తెలియదు. నూరేళ్ల పాటు ఎందరి చేతుల్లోనో మిగిలిన పేరును నేను ఒక్క సాయంత్రంలో చెరిపేశాను.

అందుకే పాత పనిముట్టును కొత్తదానిలా మెరిపించడం మీద నాకు కోపం. మెరిపించినవాటి ఫోటోలు ముందు, తర్వాత అని పక్కపక్కన పెట్టి చూపిస్తుంటే నాకు టెన్షన్ వస్తుంది. తుప్పు తీయాలి, కాదనను. ఎర్ర తుప్పు లోహాన్ని తింటూనే ఉంటుంది. కానీ దాని కింద కుదురుకున్న ముదురు గోధుమరంగు పొర లోహానికి రక్షణ, దాన్ని ఉంచాలి. తుప్పు మొండిగా ఉంటే నేను కరెంటు పద్ధతి వాడతాను. నీళ్లలో బట్టలసోడా కలిపి, పనిముట్టును బ్యాటరీ చార్జరు మైనస్ తీగకు, పనికిరాని ఇనప ముక్కను ప్లస్ తీగకు కట్టి రాత్రంతా వదిలేస్తే తుప్పు మెత్తబడి గుడ్డతో వస్తుంది, ముద్ర చెక్కుచెదరదు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టకండి, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా చేయండి. రంపమైతే చెక్క దిమ్మకు నున్నటి కాగితం చుట్టి, నూనె వేసి, నెమ్మదిగా ఒకే వాటంలో రుద్దాలి. పేరు ఉండే అవకాశమున్నచోట మరీ నెమ్మదిగా. అక్కడ ఒక అక్షరం నీడ కనపడినా ఆగిపోండి. పదును పెట్టడం మాత్రం తప్పు కాదు. అంచు పనిముట్టును పదును లేకుండా పెట్టెలో దాచడం నాకు నచ్చదు.

ఊరిని బట్టి సేకరించాలన్న ఆలోచన నాది కాదు, నాకన్నా ముందు దాన్ని బతికినవాళ్లున్నారు. అమెరికాలో హెన్రీ మెర్సర్ అనే ఆయన 1897లో పాత పొయ్యికి పటకారు కోసం వెతుకుతూ ఒక పాత సామాను వ్యాపారి దగ్గరికి వెళ్లాడు. అక్కడ పనికిరానివని కుప్పపోసిన పనిముట్లు చూసి, చరిత్ర వీటిలోనే ఉందని అనిపించి, మిగతా జీవితంలో వేలకొద్దీ పోగుచేశాడు. వాటి కోసం పెన్సిల్వేనియాలోని డోయిల్స్‌టౌన్‌లో పూర్తిగా కాంక్రీటుతో కట్టిన మ్యూజియం 1916 నుంచి ఉంది. నాకు ఇంకా దగ్గరగా అనిపించేది కెన్ హాలీ. ఆయన షెఫీల్డ్‌లో పనిముట్లు అమ్మే మనిషి. పూర్తయిన పనిముట్లతో ఆగలేదు. సగం చేసి వదిలేసినవి, పనిముట్లు చేయడానికి వాడే పనిముట్లు, క్యాటలాగులు, మూతపడుతున్న కార్ఖానాల్లో చివరి పనివాళ్ల మాటలు, అన్నీ సేకరించాడు. 2014లో ఆయన పోయేనాటికి అదంతా షెఫీల్డ్‌లోని కెల్హమ్ ఐలాండ్ మ్యూజియంలో చేరింది. సగం సాన పట్టిన ఒక కత్తెర పక్కన పూర్తయిన కత్తెర పెట్టి చూస్తే, మధ్యలో ఎన్ని చేతులు ఉన్నాయో అర్థమవుతుంది. ఏ ఒక్కటీ అరుదైనది కాకపోయినా, కలిపి చూస్తే ఒక ఊరు మొత్తం కనపడుతుంది.

ఆ చేతుల గురించి చెప్పకుండా ఈ ఊళ్లను పొగిడితే అది అబద్ధమవుతుంది. షెఫీల్డ్ సానరాళ్ల ముందు వంగి కూర్చున్నవాళ్లు ఇసుకరాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడి చనిపోయేవాళ్లు. నీళ్లు పోయకుండా పొడిసాన పట్టే ఫోర్కుల పనివాళ్లలో చాలామంది నడివయసే చూడలేదు. ఇనుమును అరగదీసే ఆకురాయికి పళ్లు చేత్తో కొట్టేవాళ్లు దాన్ని సీసపు దిమ్మ మీద పెట్టి ఉలితో ఒక్కో గాటు పెట్టేవాళ్లు, సీసం వాళ్ల ఒంట్లోకి ఎక్కేది. నా దగ్గర అలాంటి ఆకురాయి ఒకటుంది. భూతద్దంలో చూస్తే పళ్ల మధ్య దూరం కొంచెం కొంచెం మారుతూ ఉంటుంది. దాన్ని చూసి ‘ఎంత అందమైన చేతిపని’ అని మాత్రం అనలేను. పైగా ముద్రలో కనిపించే పేరు సరుకు అమ్మిన యజమానిది. అసలు చేసింది అద్దె గదుల్లో, ఒక్కో పనికి కూలి తీసుకుని పనిచేసిన చిన్న మేస్త్రీలు. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. మిగిలింది ఊరి పేరే. ముద్రలో వాళ్లకు దక్కిన చోటు కూడా అంతే, అందుకే నేను ఆ ఊరి పేరును అంత పట్టుకుని ఉంటాను.

నా మిత్రుల్లో కొందరు ఇంకో ప్రశ్న అడుగుతారు. పనికొచ్చే పనిముట్టును నువ్వు అల్మారాలో పెడితే, దాన్ని వాడుకోవాల్సిన వడ్రంగి చేతి నుంచి లాక్కున్నట్టు కాదా? ఇది గట్టి ప్రశ్న. కోబేలో 1984లో వడ్రంగి పనిముట్ల మ్యూజియం పెట్టిన తకెనాకా సంస్థవాళ్ల ఆలోచన ఇక్కడ నాకు గుర్తొస్తుంది. మంచి పనిముట్టును మనిషి అరిగేదాకా వాడేస్తాడు, కాబట్టి మంచివే ముందు మాయమవుతాయి. మ్యూజియం ఉండాల్సింది అందుకే. కానీ నేను మ్యూజియం కాదు. ఒక ఊరివి, ఒక రకానివి మూడు ఉన్నాయంటే నాకు ఒకటి చాలు, రెండు ఎవరైనా వాడాలి. ముద్ర స్పష్టంగా ఉన్నది నా దగ్గర ఉంచుకుని, మిగతావి సాన పట్టి ఇచ్చేయడం రెండేళ్లుగా అలవాటు చేసుకున్నాను. ఇవ్వడం ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది.

ఈ మధ్య అలా ఇచ్చింది ఒక చెక్క చిత్రిక. బీచ్ చెక్కతో చేసింది, ముందు తల మీద మాథీసన్ పేరు, కింద గ్లాస్గో. దాని చుట్టూ ఇద్దరు పాత యజమానుల పేర్లు కూడా కొట్టి ఉన్నాయి. ఒక పేరు నిటారుగా, శ్రద్ధగా ఉంది. ఇంకోటి వంకరగా, ఆఖరి అక్షరం రెండుసార్లు పడి ఉంది. పని కొత్తగా నేర్చుకుంటున్న ఒక కుర్రాడికి దాన్ని ఇచ్చి, బ్లేడు ఎంత బయటికి రావాలో, దాన్ని బిగించే చెక్క చీలను సుత్తితో ఎంత మెల్లగా తట్టాలో చూపించాను. సన్నటి పొర ఒకటి సుళ్లు తిరుగుతూ పైకి లేచింది. అతను దాన్ని పట్టుకుని వెలుతురుకు అడ్డంగా పెట్టి చూశాడు. తర్వాత చిత్రికను తిప్పి, ఆ పేర్ల మీద వేలు పెట్టి అడిగాడు:

“అన్నా, దీని మీద నా పేరు కూడా కొట్టుకోవచ్చా?”

ముద్ర చెరపకండి, పనిముట్టును మార్చకండి అని ఇన్నేళ్లుగా అందరికీ చెప్తున్నాను. ఒక్క క్షణం నోరు పెగల్లేదు. గ్లాస్గో అన్న మాటకు కింద, వంకర పేరుకు పక్కన, రెండు వేళ్ల వెడల్పు చోటు ఖాళీగా ఉంది. లోపలికెళ్లి అక్షరాలు కొట్టే పోగర్ల డబ్బా తెచ్చి అతని ముందు పెట్టాను.